తంతి వేసిన వైద్యుడు: ఓషానెస్సీ దొరగారి జీవితము

విశాఖపట్టణమున నిప్పుడు వీధుల ప్రక్కల మన్ను త్రవ్వి గొట్టములు పాతువారును, స్తంభములపై నల్లని త్రాళ్లవంటి కేబులులు లాగువారును తరచుగా కనబడుచుందురు. ఆ నల్లని తొడుగులో నుండునది రాగితీగ కాదు, గాజు. మనుష్యుని తలవెండ్రుక కంటె కొంచెము లావైన గాజునూలు. దాని నడిమి భాగము, అనగా వెలుగు నడచెడు దారి, మిల్లిమీటరులో నూరవవంతు కంటెను సన్నము. దారి యంత సన్నముగా నుండుటచేత వెలుగు పలు త్రోవలు పట్టి ముందు వెనుకలుగా చేరి చెదరిపోక, ఒక్క రీతిగనే సాగిపోవును. కావుననే దీనికి సింగిల్ మోడ్ ఫైబరు అని పేరు కలిగినది. మన యోడరేవునకును ఉక్కు కర్మాగారమునకును సుమారు 16 కిలోమీటరుల దూరము కలదు. ఈ చివర కంటికి కనబడని వెలుగును పంపినచో, అందులో సగమునకు కొంచెము తక్కువ యా చివరకు చేరును. వార్త తెలియుటకు అది కావలసినదానికంటె నెంతయో హెచ్చు.

అయితే గాజు మంచిదైనంత మాత్రమున రెండు స్థలములు కలిసిపోవు. మధ్య నున్న భూమి యొప్పుకొనవలెను. ఉప్పుగాలి, వాననీరు, ఎలుకలు, ఎవరో వేరొక పనికై దింపిన గునపపు పోటు, ఇవన్నియు నా దారిలో నున్నవి. 2014 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీని హుద్‌హుద్ తుపాను మన నగరముపై బడినప్పుడు స్తంభములు కూలి, తీగలు తెగి, ఊరంతయు మాట లేక యుండిన సంగతి మా పాఠకులలో పెద్దవారందరు నెరుగుదురు. ఈ దేశపు మంటిని, వానను, నదులను ఎదుర్కొని రెండు చోట్లను తీగతో మొట్టమొదట కలిపి చూచినవాడు ఇంజనీరు కాడు, ఒక వైద్యుడు. ఆయన చరిత్రమును మేమిచ్చట చెప్పబూనితిమి.

విలియం బ్రూక్ ఓషానెస్సీ 1809 వ సంవత్సరమున ఐర్లండు దేశమందలి లిమరిక్కు పట్టణమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి 1829 లో పట్టము నొందెను. తరువాత లండను నగరమునకు వచ్చెను గాని అచ్చట వైద్యవృత్తి సాగించుటకు వలసిన యనుమతి ఆయనకు లభింపలేదు. నాడి చూచు పని లేకపోవుటచే, విషములు మొదలైన ద్రవ్యములను పరీక్షించు రసాయనపు పనిలో దిగెను. తలుపు మూయబడిన చోట గోడను తట్టి చూచు స్వభావ మాయనది. ఆ స్వభావమే తరువాతి జీవితమంతయు కనబడుచున్నది.

1831 వ సంవత్సరము తుదిభాగమున కలరా వ్యాధి ఇంగ్లండు ఉత్తర తీరమునందలి సండర్లండు రేవున బ్రవేశించెను. మన తాతముత్తాతలు దీనిని మహమ్మారి యనుచుండిరి. తెల్లవారు జామున పొలమునకు బోయిన మనుష్యుడు సందెవేళకు శవమగుట వారు చూచినవారు. ఇంగ్లండున నానాటి వైద్యులు చేయు చికిత్స యేమనగా, విరేచనములచే నెండిపోవుచున్న రోగి శరీరమునుండి మరల నెత్తురు తీయుట! ఇరువది రెండేండ్ల ఓషానెస్సీ ఆ యూళ్లకు బోయి, రోగుల నెత్తురును పరీక్షించి చూచెను. ఆ నెత్తురునందు నీరు మిక్కిలి తగ్గిపోయినది. నీటితోపాటు ఉప్పులును తరిగిపోయినవి. పోయిన యుప్పులే రోగి విసర్జించిన ద్రవమునందు గనబడెను. కావున పోయినదానిని మరల నరములలోనికే పోయవలెనని ఆయన సిద్ధాంతము చేసెను. అనగా దేహమున నెక్కడనో తెగిన సంబంధమును మరల గూర్చుట యన్నమాట.

1832 లో స్కాట్లండునందలి లీత్ రేవున థామస్ లాటా యను వైద్యుడు ఈ యుపాయమును రోగులపై నుపయోగించెను. కన్నులు గుంటలు పడి, నాడి యందక పడియున్నవారు కొందరు కొద్దిసేపటిలో లేచి మాటలాడిరి. కాని అందరును బ్రతుకలేదు. సూక్ష్మజీవుల సంగతి యప్పటికి తెలియదు. నీరు శుభ్రము గాదు. ఎంత పోయవలెనో, ఎన్నిమారులు పోయవలెనో యెరిగినవారు లేరు. మరుసటి సంవత్సరము లాటాయే మరణించెను. వ్యాధి తగ్గుముఖము పట్టగానే పెద్ద వైద్యులీ సంగతిని ప్రక్కకు నెట్టివేసిరి. ఇది ఆయన జీవితమున మొదటి గొప్ప వార్త. పంపినవాడు సరిగనే పంపెను. అందుకొనుటకు ఆ చివర నెవ్వరును లేకపోయిరి.

1833 లో ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడుగా బంగాళమునకు వచ్చెను. 1835 లో కలకత్తా వైద్య కళాశాల స్థాపింపబడగా, అందు రసాయనశాస్త్రమును బోధించు ఆచార్యుడయ్యెను. బంగాళీ బాలురచేత సీసాలును మూసలును పట్టించి, చేతులతో నేర్పుచుండెనట. ఈ దేశపు ఓషధులను పరీక్షించి పెద్ద గ్రంథము వ్రాసెను. గంజాయిని ధనుర్వాతము మొదలగు వ్యాధులందు మందుగా వాడి చూచి 1839 లో ప్రకటించెను; పశ్చిమ దేశములందు నేటికిని ఆయన పేరు చెప్పువారిలో పలువు రీ పనినే చెప్పుదురు. పాఠశాల పత్రిక యగుటచే దానిని పెంచి వ్రాయ మాకిష్టము లేదు.

ఆ 1839 వ సంవత్సరముననే ఆయన హుగ్లీనది యావలి యొడ్డున శిబపురము వద్దనున్న వృక్షోద్యానమునందు మరియొక పని చేసెను. వెదురు గడలు నాటి, వానిపై తీగను అటునిటు త్రిప్పి త్రిప్పి, మొత్తము 21 మైళ్ల దూరము విద్యుచ్ఛక్తి నడచునట్లు చేసెను. అందు కొంత భాగము నదీజలము క్రిందుగ బోయెను. అమెరికాలో మోర్సు పండితుడు వాషింగ్టను, బాల్టిమోరు పట్టణములను తీగతో గలుపుటకు ఇది యైదేండ్లు ముందు. ఓషానెస్సీ వద్ద మంచి యంత్రము లేదు. రెండు చివరల ఒకే వేళను చూపు గడియారము లుంచెను. వార్త నందుకొనువాడు తీగను వ్రేళ్లతో పట్టుకొనియుండును. విద్యుత్తు దెబ్బ తగిలిన క్షణమున గడియారపు ముల్లు ఏ గుర్తుపై నుండునో దానినిబట్టి అక్షరము నెరుగును. నేటి యంత్రములు సెకండునకు కోట్లకొలది గుర్తులు పంపునప్పుడును మూలము ఇదియే: రెండు చివరల కాలము కలియవలెను, ఒక గుర్తునకు అర్థమేమో ఇరువురును ముందుగా నొప్పుకొనియుండవలెను. వ్రేలికి దెబ్బ తగులుట మాత్రము తప్పినది.

ఇంత చేసినను కంపెనీ ప్రభుత్వమునకు చీమ కుట్టినట్లయిన లేకపోయెను. తీగచుట్టలు మూలబడెను. ఆయన కొంతకాలము స్వదేశమునకు బోయి, 1843 లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొంది, తిరిగి వచ్చి కలకత్తా టంకసాలలో లోహపరీక్షకాధికారి యయ్యెను. పదియేండ్లకు పైగా ఆ విషయము నిద్రించెను.

1848 లో డల్‌హౌసీ ప్రభువు గవర్నరు జనరలుగా వచ్చినతోడనే కార్యము కదలెను. సముద్రముననుండి హుగ్లీనది ముఖమున బ్రవేశించిన యోడ కలకత్తా చేరులోపల, దాని రాక యెట్లు తెలియును? రేవుపట్టణములో నివసించు మనకు ఈ ప్రశ్న బాగుగ తెలిసినదే. రాబోవు నోడలో నేమున్నదో, ఎప్పుడు వచ్చునో తెలిసినచో వర్తకునకు సగము లాభము. తెలియనిచో సగము నష్టము. 1850 లో అనుమతి దొరకెను. 1851 లో కలకత్తానుండి డైమండు హార్బరునకును, అక్కడనుండి నదీముఖమున గల ఖెజురీకిని తంతి వేయబడెను. మొత్తము దూరము 82 మైళ్లు.

ఈ తంతి యెట్లుండెనో కొంచెము విపులముగ చెప్పెదము. ఏలయన ఆయన బుద్ధియంతయు నిచ్చటనే యున్నది. ఇంగ్లండున సన్నని తీగను స్తంభములపై గాజు, పింగాణి బుడ్లకు కట్టుచుండిరి. ఓషానెస్సీ ఆ పద్ధతిని విడిచెను. చిటికెనవ్రేలంత లావు గల యినుప కడ్డీలను ఒకదానికొకటి యతికించి తీగగా జేసెను. భూమిలో పోవలసిన చోట ఆ కడ్డీకి కరగిన కీలులో ముంచిన మదరాసు గుడ్డను రెండు పొరలుగ చుట్టి, ఇండ్లపై కప్పు పెంకులను వరుసగ పరచి, అందు కడ్డీ నుంచి, మూడుపాళ్లు ఇసుకయు ఒకపాలు గుగ్గిలమును కలిపి కాచిన ద్రవమును పోసి గట్టిపరచెను. మన దక్షిణదేశపు గుడ్డ బంగాళమునందలి బురదనేలలో మొట్టమొదటి తంతికి కోకయయ్యెను! నేడు గాజునూలునకు చుట్టెడు తొడుగులును, జిడ్డును, నారయు, పైనుండు గొట్టమును చేయు పని సరిగా నిదియే. నదిని దాటవలసిన చోట గట్టాపర్చా యను చెట్టుపాలతో కప్పిన తీగను, ఓడల లంగరులు తగిలి తెగకుండ పెద్ద యినుప గొలుసునకు చేర్చి నీట దింపెను.

పైన బోవు కడ్డీ యంత లావుగ నుండుట కేమి కారణము? ఆ కడ్డీపై గ్రద్దలు వ్రాలును, కోతులు వ్రేలాడును. తుపానులో చెట్టుకొమ్మ విరిగి పడును. సన్నని తీగయైనచో తెగును. కడ్డీ వంగును గాని తెగదు. దొంగ దానిని కోయుటకును మోయుటకును శ్రమపడవలెను. లావైన యినుములో విద్యుత్తు సులభముగ నడచును గనుక వానతడిచే కొంత జారిపోయినను మిగిలినది చాలును. ఎత్తైన స్తంభముల క్రిందుగ భారముతో ఏనుగు పోవుటకు వీలుండెను. ఇంగ్లండునుండి తెచ్చిన యంత్రములు ఖరీదైనవి, సున్నితమైనవి. కావున టంకసాల పనివారిచేత చిన్న ముల్లు కుడియెడమలకు కదలెడు తేలికయగు పరికరమును చేయించెను. ఆయన తంతిని ముతకదని నవ్వినవారు కలరు. ముతకదే. కాని అది పనిచేసెను. మన రాష్ట్రమునందు ఇటీవల ఊరూరికి గాజు కేబులును చేర్పదలచి, భూమిని త్రవ్వుటకు బదులు ఇదివరకే యున్న విద్యుత్ స్తంభములపైననే దానిని లాగిన పద్ధతియు ఈ జాతిదే. త్రవ్వినచో ఖర్చు, కాలము హెచ్చు. పైన లాగినచో గాలివానకు భయము. ఏది మేలని నూట డెబ్బదియేండ్ల క్రిందట నాయన తర్కించెనో దానినే నేటి యింజనీరులును తర్కించుచున్నారు.

ఇచ్చట మరియొక పేరు చెప్పక పోరాదు. టంకసాలలో ఓషానెస్సీ వద్ద పనిచేయుచుండిన శివచంద్ర నంది యను బంగాళీ యువకుడు ఈ తంతిపనికి కుడిచేయి యయ్యెను. డైమండు హార్బరునుండి మొదటి వార్తను పంపినవా డాతడే. కలకత్తాలో ఓషానెస్సీ యందుకొనుచుండగా డల్‌హౌసీ ప్రభువు ప్రక్కన నిలిచి చూచెను. తరువాత పద్మానదిని దాటించి సుమారు ఏడు మైళ్ల కేబులు వేయవలసి వచ్చెను. దానికి తగిన యోడను కుదుర్చుటకు పదివేల రూపాయలు కావలసియుండెను. నంది చేపలుపట్టువారి చిన్న పడవలను కూర్చుకొని ఆ పనిని నెరవేర్చెను. మన జాలరిపేటవారి యోర్పు నెరిగినవారికి ఇది నమ్మదగని సంగతి కాదు. నీటి పోటు, పాటు ఎరిగినవారికంటె తీగను నీట దింపుటకు తగినవా రెవరు? పాశ్చాత్యులు వ్రాసిన చరిత్రలలో నంది పేరు తరచుగ కనబడదు. ఓషానెస్సీ మాత్రమాతనిని నమ్మి, పెద్ద బాధ్యతల నొప్పగించెను. 1883 లో ప్రభుత్వమువారు నందికి రాయ్ బహదూర్ బిరుదము నిచ్చిరి.

1852 లో బర్మా యుద్ధము జరుగుచుండగా రంగూను పట్టువడిన వార్తను దెచ్చిన యోడ నదిలో నింకను పైకి వచ్చుచుండగనే, వార్త తంతిపై ముందుగా కలకత్తా చేరెను. డల్‌హౌసీకి ఇక సందేహము మిగులలేదు. దేశమంతటను తంతి వేయవలెనని లండనునకు వ్రాయగా, అచ్చటివారును ఎన్నడు లేని త్వరతో నొప్పుకొనిరి. ఓషానెస్సీ తంతిశాఖకు అధ్యక్షుడయ్యెను. 1853 నవంబరులో పని ప్రారంభమయ్యెను. 1854 మార్చి 24 వ తేదీకి కలకత్తానుండి ఆగ్రాకు 800 మైళ్లు తంతి నడచెను. 1855 ఫిబ్రవరిలో కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మదరాసు నగరములను కలిపిన దారి ప్రజలకు తెరువబడెను. అప్పటికి తంతి దాదాపు మూడువేల మైళ్లు. ఆనాడు కలకత్తానుండి మదరాసునకు వార్త మన తీరము వెంబడి రాలేదు; ఆగ్రా, బొంబాయి చుట్టి వచ్చెను. అయినను తపాలా బంట్రోతు కాలినడకకంటె నా చుట్టుదారియే త్వరగా నుండెను. 1856 లో ఆయనకు సర్ బిరుదము లభించెను. మోర్సు యంత్రములు తన ముల్లుకంటె మేలైనవని చూచినతోడనే ఆయన వానినే తెప్పించి ప్రవేశపెట్టెను. తాను చేసినదానిని తానే తీసివేయుట యందరికి సాధ్యము గాదు.

ఇక 1857 వ సంవత్సరపు సంగతి. మే 11 వ తేదీని ఢిల్లీ తంతి కార్యాలయమునుండి పోయిన హెచ్చరిక పంజాబు చేరుటచే, అచ్చటి యధికారులు సిపాయిల యాయుధములు ముందుగనే తీసికొనిరి. తిరుగుబాటుదారులు తంతినే ముఖ్యశత్రువుగ నెంచి, దొరకిన చోటనెల్ల తెంచిరి. ఆంగ్లేయులు ఈ తంతి వలననే తమ రాజ్యము నిలిచినదని పొంగిరి. ఆ నిలిచిన రాజ్యము మనకు తొంబది యేండ్ల దాస్యమైనదనుటయు చరిత్రమే. ఓడరేవుల మేలుకొరకు మొదలైన తీగ తుపాకుల వెంట నడచెను. దీనిని మరుగుపరచి ఆ దొరగారి గుణములు మాత్రము వర్ణించుట న్యాయము గాదని మా యభిప్రాయము. పాలకుల యవసరము లేనిచో అంత ధనమును అంత త్వరలో వారు వెచ్చించియుండరు. ఆయన 1839 లో చూపినప్పుడు పట్టించుకొననివారు, యుద్ధపు వార్త రాగానే పట్టించుకొనిరి. వైద్యుడైన లూకా వలె మనుష్యులను స్వస్థపరచుటకు శిక్షితుడైన వానికి ఈ పరిణామ మెట్లు తోచెనో!

1860 తరువాత ఆరోగ్యము చెడి ఆయన స్వదేశమునకు వెడలిపోయెను. 1861 లో బ్రూక్ అను నింటిపేరు స్వీకరించెను. అటుపిమ్మట ఇరువది యెనిమిదేండ్లు బ్రతికియు, లోకమునకు కనబడునట్లు ఏ పనియు చేయలేదు. అంత చురుకైన మనుష్యు డట్లు మూగవోవుట వింతయే. 1889 జనవరి 8 వ తేదీని ఇంగ్లండు దక్షిణ తీరమున సౌత్‌సీ యను నూర మరణించెను. ఆయన నాటిన తంతివార్తల కొలువు ఆయన తరువాతను శతాబ్దమునకు పైగా సాగి, 2013 జూలై 14 వ తేదీతో ముగిసెను. కడపటి దినమున తంతి యిచ్చుటకై జనులు కార్యాలయములందు బారులు తీరిరి. వారిలో నంతకుముందెన్నడును తంతి యియ్యనివారును కలరు.

ఆయన మొదటి వార్త మాత్రము అప్పటికి ఇంకను దారిలోనే యుండెను. ఓషానెస్సీ బ్రతికియున్న దినములలో బంగాళమునను, మన సర్కారు జిల్లాలలోను కలరా యెన్ని పర్యాయములు ఊళ్లను తుడిచి పెట్టినదో లెక్క లేదు. నరమునకు ఉప్పునీ రెక్కించు చికిత్సను ఇరువదవ శతాబ్దారంభమున సర్ లియోనార్డు రోజర్సు అను వైద్యుడు మరల చేపట్టి, తగిన పాళ్లలో ఇచ్చి, మరణములను సగమువరకు తగ్గించెను. ఆయన పనిచేసినది కలకత్తా వైద్య కళాశాలలో. డెబ్బదియేండ్లకు ముందు ఓషానెస్సీ రసాయనశాస్త్రము బోధించిన కళాశాల యదియే.